హైఫ్లయర్ మేసిన గడ్డ: ఈలీ పొలిమేరలో రిచర్డ్ టాటర్సాల్

ఇంగ్లండు తూర్పు భాగాన, కేంబ్రిడ్జి పట్టణానికి ఉత్తరంగా పాతిక కిలోమీటర్ల లోపు దూరంలో, గ్రేట్ ఊజ్ నది ఒడ్డున ఉన్న ఈలీ చిన్న పట్టణమే అయినా, చుట్టూ బల్లపరుపుగా పరుచుకున్న నల్ల నేలల మధ్య మిట్టమీద నిలబడి ఉండటం వల్ల ఎంత దూరం నుంచి వచ్చేవారికైనా ముందుగా కంటబడుతుంది. ఆ నల్ల నేలలను ఇక్కడ ‘ఫెన్’ అంటారు. శతాబ్దాల తరబడి నీటిలో నాని, కుళ్లిన రెల్లు, తుంగల పొరలతో ఏర్పడిన ఈ చిత్తడి భూములలో పదిహేడో శతాబ్దంలో కాలువలు తవ్వి, నీటిని సముద్రానికి మళ్లించి, సాగులోకి తెచ్చారు. అంతకుముందు ఈలీ నిజంగానే ఒక లంక. చుట్టుపక్కల నీళ్లలో దొరికే ఈల్ అనే పాము ఆకారపు చేపల వల్లనే దీనికి ఆ పేరు వచ్చిందని ఎనిమిదో శతాబ్దపు చరిత్రకారుడు బీడ్ రాశాడు. ఈ ఊరి చరిత్ర అనగానే దాని కెథడ్రల్ గురించి, 1322లో కూలిన నడిమి గోపురం స్థానంలో లేచిన ఎనిమిది మూలల కట్టడం గురించి, పదేళ్ల పాటు ఇక్కడ కాపురమున్న ఆలివర్ క్రామ్‌వెల్ గురించి చెప్పుకోవడం ఆనవాయితీ. పద్దెనిమిదో శతాబ్దపు చివరి పదిహేనేళ్లలో ఇంగ్లండు పందెపు గుర్రాల జాతి ఈ ఊరి పొలిమేరలోని ఒక పచ్చిక బయలు మీద ఆధారపడి నడిచిందన్న సంగతికి మాత్రం ఊరి చరిత్రలో దక్కవలసినంత చోటు దక్కలేదు. ఆ పచ్చిక యజమాని రిచర్డ్ టాటర్సాల్. వృత్తిరీత్యా వేలంపాటదారుడు, పుట్టుకరీత్యా పల్లెటూరి రైతుబిడ్డ.

టాటర్సాల్ 1724లో లాంకషైర్‌లో, బర్న్‌లీ పట్టణానికి తూర్పున పెన్నైన్ కొండల అంచున ఉన్న హర్స్ట్‌వుడ్ అనే కుగ్రామంలో పుట్టాడు. ఆయన కుటుంబం ‘యోమన్’ వర్గానికి చెందినది. అంటే కులీనులు కాకపోయినా సొంత భూమి, సొంత పశువులు ఉండి, ఒకరి కింద కూలి చేయవలసిన అవసరం లేని మధ్యతరగతి రైతు కుటుంబం. చదువు బర్న్‌లీ గ్రామర్ స్కూలులో సాగింది. గొర్రెల మందలు, ఉన్ని వ్యాపారం, సామాన్ల మోతకు వాడే కొండజాతి పొట్టి గుర్రాలు తప్ప వేరే సంపద లేని ఆ ప్రాంతాన్ని విడిచి ఆయన 1745 ప్రాంతంలో లండన్ చేరాడు. ఆ ఏడు స్టూవర్ట్ రాజవంశాన్ని మళ్లీ గద్దెనెక్కించడానికి సాగిన తిరుగుబాటులో చేరతానని పట్టుబట్టగా తండ్రి ఒప్పుకోలేదనీ, అందుకే ఇల్లు విడిచాడనీ అంటారు. అది ఎంతవరకు నిజమైనా, కొండ పల్లెలో బాల్యం నుంచీ గుర్రాల మధ్య పెరగడం వల్ల అబ్బిన చూపే తర్వాతి యాభై ఏళ్లూ ఆయనకు పెట్టుబడి అయిందని ఆయన జీవితాన్ని మొదటి నుంచి చివరిదాకా చూసినవారికి తోచక మానదు.

లండన్‌లో ఆయన రెండవ కింగ్‌స్టన్ డ్యూక్ ఎవెలిన్ పియర్‌పాంట్ కొలువులో చేరి, అశ్వశాల పెద్ద స్థానానికి ఎదిగాడు. ఇంగ్లీషువారు ‘స్టడ్ గ్రూమ్’ అని పిలిచే ఈ ఉద్యోగి గుర్రాలకు దాణా పెట్టి మాలీషు చేసే సైసు మాత్రమే కాడు; ఏ మగ గుర్రాన్ని ఏ గోడిగతో జతకట్టించాలి, ఏ పిల్లను ఉంచుకోవాలి, దేన్ని అమ్మేయాలి అన్న నిర్ణయాలన్నీ అతని చేతిమీదుగానే జరుగుతాయి. గోడిగ అంటే ఆడ గుర్రం. నేటి మాటల్లో వినపడకపోయినా ఈ పదం లేకుండా గుర్రాల పెంపకం గురించి తెలుగులో చెప్పడం కష్టం. కాకతీయుల కాలంలో జాయపసేనాని ‘గజసాహిణి’ అనిపించుకున్నాడు. ఏనుగుల విషయంలో ఆ మాట సూచించే పెద్దరికం ఎటువంటిదో గుర్రాల విషయంలో ఒక ఇంగ్లీషు ప్రభువు ఇంట స్టడ్ గ్రూమ్ పెద్దరికం, చిన్న ఎత్తున, అటువంటిది. ఆ కొలువు టాటర్సాల్‌కు జీతంతో పాటు రెండు మేళ్లు చేసింది: మేలు జాతి గుర్రాల వంశావళులు కంఠస్థం కావడం ఒకటి, గుర్రాలున్న ప్రతి ప్రభువుతోనూ మాటామంతీ ఏర్పడటం రెండవది.

1766లో ఆయన హైడ్ పార్క్ మూలన, సెయింట్ జార్జి ఆసుపత్రి వెనుక ఉన్న స్థలాన్ని గ్రోవ్‌నర్ ప్రభువు నుంచి 99 ఏళ్ల కౌలుకు తీసుకుని గుర్రాల వేలంశాల తెరిచాడు. అప్పటికి అది లండన్ నగరం ముగిసి పొలాలు మొదలయ్యే చోటు కనుక, పల్లెల నుంచి వచ్చిన గుర్రాలు నగరంలోకి అడుగు పెట్టకుండానే చేరగలిగిన చోటు కూడా అయింది. వేలం అన్న మాట తెలుగువారికి పరాయిది కాదు. పోర్చుగీసులు తీరాలకు తెచ్చిన ‘లెయిలావ్’ అనే మాట తమిళంలో ‘ఏలం’గా, హిందీలో ‘నీలాం’గా, తెలుగులో ‘వేలం’గా స్థిరపడిందని భాషావేత్తలు చెబుతారు. ఇంగ్లండులో ఆనాటికి దివాలా తీసినవారి సామాన్లు, చనిపోయినవారి పుస్తకాలు, బొమ్మలు వేలంలో అమ్ముడయ్యేవి. గుర్రాలు మాత్రం ఎక్కువగా సంతల్లో, సత్రాల వాకిళ్లలో, దళారుల నోటిమాట మీద చేతులు మారేవి.

ఆ సంతబేరంలో జరిగే మోసం ఎంత లోతైనదో తెలిస్తే తప్ప టాటర్సాల్ సాధించినదేమిటో అర్థం కాదు. గుర్రం వయస్సును పళ్లను బట్టి చెబుతారు: రెండున్నరేళ్ల నుంచి ఏడాదికొక జత చొప్పున పాలపళ్లు ఊడి శాశ్వత పళ్లు వచ్చి, అయిదేళ్లకు ముందరి పళ్లన్నీ నిండుతాయి, ఆ పళ్ల పైభాగంలో ఉండే నల్లని గుంటలు మేత నమిలేకొద్దీ అరిగి, ఎనిమిదేళ్లు వచ్చేసరికి కింది పళ్లలో ఇంచుమించు మాసిపోతాయి. ముసలి గుర్రం పళ్లను ఉలితో తొలిచి, ఎర్రగా కాల్చిన ఇనుపకడ్డీతో మాడ్చి, దొంగ గుంటలు పుట్టించి పడుచు గుర్రంగా అమ్మేసే దళారులుండేవారు. నీరసించిన జంతువు తోక కింద అల్లం పెట్టి, ఆ మంటకు అది తోకెత్తి కుప్పిగంతులు వేస్తుంటే హుషారైన గుర్రమని నమ్మించేవారూ ఉండేవారు. కొన్నవాడు ఇంటికి పోయి మోసం గ్రహించేసరికి అమ్మినవాడు మరో జిల్లా సంతలో ఉండేవాడు. అమ్మినవాడికీ భద్రత లేదు. అరువు మీద పోయిన గుర్రం తాలూకు డబ్బు ఎప్పుడు వస్తుందో, అసలు వస్తుందో రాదో చెప్పలేని పరిస్థితి.

టాటర్సాల్ చేసిన పని పైకి చూస్తే చాలా సాదాగా కనిపిస్తుంది. గుర్రాన్ని అమ్మకానికి ముందే తన శాలలో కట్టించి, ఎవరైనా వచ్చి పరీక్షించి చూసుకునే వీలు కల్పించాడు. వంశావళితో సహా వివరాలు ప్రకటించాడు. నిర్ణీత వారాల్లో, నిర్ణీత వేళకు పాట పెట్టాడు. సుత్తి దెబ్బ పడ్డాక కొన్నవాడెంత గొప్పవాడైనా మాట మార్చనివ్వలేదు. అమ్మినవారి సొమ్ము ఆలస్యం లేకుండా అందజేశాడు. ఈ చివరిదే ఆయన పేరును ఇంగ్లండంతటా మోసుకెళ్లింది. కొండ పల్లె యాసతో మాట్లాడే మనిషి చేతిలో డ్యూకులు తమ అశ్వశాలలను పెట్టి నిశ్చింతగా ఉండగలిగారంటే, అది కేవలం వ్యాపార దక్షత వల్ల సాధ్యమయ్యేది కాదు. గుర్రాలను ఎరిగినవారు ఎందరో ఉన్న దేశంలో, గుర్రాల గురించి నిజం చెబుతాడని నమ్మదగినవాడు ఒకడు దొరకడమే ఆనాటి విశేషం. దారిదోపిడీలు నిత్యమైన ఆ రోజుల్లో ‘ఓల్డ్ టాట్’ అని పిలిపించుకున్న టాటర్సాల్ ప్రయాణిస్తున్నాడని తెలిస్తే దొంగలు కూడా అడ్డగించేవారు కాదని ఒక ప్రతీతి పుట్టింది. పందేలను శాసించే జాకీ క్లబ్ సభ్యుల కోసం ఆయన తన ఆవరణలోనే గదులు ఏర్పాటు చేయడంతో వేలంశాల క్రమంగా పందెపు లోకానికంతటికీ కూడలి అయింది. 1786లో ప్రిన్స్ ఆఫ్ వేల్స్, అంటే తర్వాతి కాలపు నాలుగవ జార్జి రాజు, అప్పుల భారంతో తన అశ్వశాలను అమ్ముకోవలసి వచ్చినప్పుడు సుత్తి పట్టినది టాటర్సాలే.

ఈ వ్యాపారపు లెక్కల్లో గినీ అనే నాణెం గురించి ఒక మాట చెప్పుకోవాలి. పౌనుకు 20 షిల్లింగులైతే గినీకి 21. గినీల్లో పాట పాడి, పౌన్లను అమ్మినవాడికి ఇచ్చి, మిగిలిన షిల్లింగును వేలందారు తన శ్రమకు ఉంచుకోవడం వాడుక. గినీ నాణేల ముద్రణ 1814తో ఆగిపోయినా, ఆయన పేరిట నడిచే సంస్థ వేలాల్లో పందెపు గుర్రాల ధర పలకడం నేటికీ ప్రధానంగా గినీల్లోనే.

వేలందారుగా స్థిరపడిన టాటర్సాల్ జీవితాన్ని ఈలీ వైపు తిప్పినది 1779లో ఆయన చేసిన ఒక్క కొనుగోలు. సఫోక్‌లో సర్ చార్లెస్ బన్‌బరీ ఇంట 1774లో పుట్టిన ఒక జేగురు రంగు గుర్రపు పిల్లకు, అది తిరిగిన పచ్చికలో పెరుగుతున్న అక్రోటు చెట్ల రకాన్ని బట్టి హైఫ్లయర్ అనే పేరు వచ్చింది. తండ్రి హెరోడ్, తల్లి రేచెల్. చిన్నతనంలోనే దాన్ని బోలింగ్‌బ్రోక్ ప్రభువు కొన్నాడు. పాల్గొన్న పందేల్లో ఒక్కదానిలోనూ ఓడిపోని ఆ గుర్రాన్ని, జూదంలోనూ విలాసాల్లోనూ చితికిపోయిన ఆ ప్రభువు నుంచి టాటర్సాల్ 2,500 పౌన్లకు తీసుకున్నాడు. ఆనాటి వ్యవసాయ కూలి ఒకడు జీవితాంతం కష్టపడినా కూడబెట్టలేని మొత్తమది. పందేల్లో పరుగెత్తించడానికి కాక, విత్తనానికి నిలపడానికే ఆ మొత్తం పెట్టాడన్నది గమనించవలసిన సంగతి. వేరేవాళ్ల గుర్రాలను అమ్మి షిల్లింగులు పోగుచేసుకునే మనిషి, తన గుర్రం సంతానాన్ని తానే పుట్టించి దేశమంతా పంచడానికి పూనుకున్నాడు.

అందుకు ఆయన ఎన్నుకున్న ప్రధాన స్థలం ఈలీ పక్కన న్యూ బార్న్స్. కొందరు దాన్నే రెడ్ బార్న్స్ అని కూడా రాశారు. ఎంపికలో తెలివి ఉంది. పందేల రాజధాని న్యూమార్కెట్ అక్కడికి సుమారు 20 కిలోమీటర్లే. గోడిగలను తోలుకొచ్చి, జతకట్టించి, తోలుకుపోవడానికి ఒక పూట ప్రయాణం. ఈలీ మిట్ట నేల చుట్టుపక్కల ఫెన్ కన్నా ఎత్తుగా ఉండి శీతకాలపు నీటికి మునగదు. కింద ఉన్న తడి పల్లంలో వేసవిలోనూ పచ్చిక ఎండదు. గుర్రాల పెంపకం ఈ ప్రాంతానికి కొత్త కూడా కాదు. బండ్లకూ నాగళ్లకూ కట్టే భారీ నల్ల గుర్రాలను ఫెన్ రైతులు తరతరాలుగా పెంచుతూనే ఉన్నారు. ఈనడం, పాలు మరిపించడం, గిట్టలు చూడటం తెలిసిన పనివారికి ఇక్కడ కొదవ లేదు.

విత్తనపు గుర్రాన్ని పోషించే పని బయటివారు ఊహించేటంత తేలిక కాదు. గోడిగ వసంతంలో ఎదకు వస్తుంది. ఎదలో ఉన్న కొద్ది రోజుల్లోనే దాటించాలి. కట్టిందో లేదో తేలడానికి వారాలు వేచి, కట్టకపోతే మళ్లీ ప్రయత్నించాలి. సూడిగా ఉన్న కాలం సుమారు పదకొండు నెలలు. ఆ రోజుల్లో పందెపు గుర్రాలన్నింటికీ మే 1ని పుట్టినరోజుగా లెక్కించేవారు కనుక, ఏప్రిల్ చివర ఈనిన పిల్లకు నాలుగు రోజులు తిరక్కుండానే ఏడాది వయస్సు మీద పడేది. పిల్లలు మే మొదటి వారాల్లో పడేటట్టు కాలాన్ని చూసుకుని దాటించడం పెంపకందారు నైపుణ్యంలో ఒక భాగం. వచ్చిన ప్రతి గోడిగకూ కాపలా, మేత, కొట్టం సమకూర్చాలి. ఏ గోడిగ ఏ రోజున దాటిందో పొరపాటు లేకుండా రాసిపెట్టాలి. పిల్ల తండ్రి ఫలానా గుర్రమని టాటర్సాల్ చెప్పిన మాటను ఇంగ్లండంతా ఒప్పుకున్నదంటే, దాని వెనుక వేలంశాలలో ఆయన సంపాదించిన నమ్మకమే ఉంది. జేమ్స్ వెదర్బీ పందెపు గుర్రాల వంశావళులను గ్రంథస్థం చేసి ‘జనరల్ స్టడ్ బుక్’కు నాంది పలికినది 1791లో; అంతకుముందు వంశానికి రుజువు ఎక్కువగా మనిషి మాటే.

ఆ కాలంలో హైఫ్లయర్‌కు దీటైన గుర్రం ఎక్లిప్స్ ఒక్కటే. 1764లో పుట్టి, తానూ ఏనాడూ ఓడని ఎక్లిప్స్ డెన్నిస్ ఓకెల్లీ అనే ఐరిష్ సాహసి చేతిలో ఉండేది. ఎదుటివాడి గుర్రాన్ని తక్కువ చేసి మాట్లాడటం వ్యాపారధర్మంగా చెలామణి అయిన చోట టాటర్సాల్ మరో దారి పట్టాడు: ఎక్లిప్స్ కూతుళ్లను తన గుర్రం దగ్గరికి పంపితే దేశంలోకెల్లా మేలైన పిల్లలను ఇస్తానని ఆయన ప్రకటించాడని చెబుతారు. రెండు వంశాల రక్తం కలిసిన పిల్లలు ఆ మాట నిలబెట్టాయి. హైఫ్లయర్ సంతానంలో నోబుల్ 1786లోనూ, సర్ పీటర్ టీజిల్ 1787లోనూ, స్కైస్క్రేపర్ 1789లోనూ ఎప్సమ్ డెర్బీ పందెం గెలిచాయి. 1784 నుంచి 1788 వరకు అయిదేళ్లలో డాన్‌కాస్టర్ సెయింట్ లెజర్‌ను నాలుగుసార్లు హైఫ్లయర్ పిల్లలే గెలిచాయి. సంతానం గెలిచిన సొమ్మును బట్టి ఏటా లెక్కించే విత్తనపు గుర్రాల వరుసలో హైఫ్లయర్ పదమూడుసార్లు మొదటి స్థానంలో నిలిచింది. రెండు శతాబ్దాలు గడిచాక 2004లో శాడ్లర్స్ వెల్స్ అనే గుర్రం పద్నాలుగోసారి ఆ స్థానం పొందేవరకూ బ్రిటన్‌లో ఆ సంఖ్యను దాటినది లేదు. ఇదంతా ఈలీ పచ్చిక మీద తిరుగాడిన ఒక్క జీవి సాధించినదని ఈ ఊరి పిల్లలకు బడిలో చెప్పవలసిన సంగతి.

హైఫ్లయర్ తెచ్చిపెట్టిన సంపదతో టాటర్సాల్ ఈలీ శివారులో ఒక మేడ కట్టించి, దానికి తన పేరు కాక గుర్రం పేరు పెట్టాడు. హైఫ్లయర్ హాల్ అనే ఆ ఇంటికీ న్యూ బార్న్స్‌కూ వచ్చిన అతిథుల్లో ప్రిన్స్ ఆఫ్ వేల్స్, రాజకీయ నాయకుడు చార్లెస్ జేమ్స్ ఫాక్స్ ఉన్నారు. పోర్చుగల్ నుంచి వచ్చే తియ్యని ఎర్ర ద్రాక్షసారా ‘పోర్ట్’ ఆ ఇంట్లో దొరికినంత మేలైనది ఇంగ్లండులో మరెక్కడా దొరకదని చెప్పుకునేవారు. ఈ స్నేహాలు ఆయనను పత్రికల్లోకి కూడా లాగాయి. ‘మార్నింగ్ పోస్ట్’లో భాగస్వామిగా ఆయన పేరు సంపాదించినది లేదు; 1792లో ఒక పరువునష్టం దావాలో ఆ పత్రిక మీద 4,000 పౌన్ల పరిహారం పడింది. తెలిసిన గడ్డిని వదిలి తెలియని సిరాలోకి దిగిన ఒక్కచోటే ఆయన అంచనా తప్పింది.

1793 అక్టోబరులో, పంతొమ్మిదేళ్ల వయస్సులో హైఫ్లయర్ ఈలీలోనే చనిపోయింది. టాటర్సాల్ దాన్ని అక్కడే పూడ్పించి, సమాధి పలక మీద దాని అందాన్ని స్తుతిస్తూ, తన సిరి అంతా ఆ గుర్రం వల్లా దాని సంతానం వల్లా కలిగినదేననీ, ఆ సంగతి ఒప్పుకోవడానికి తాను సిగ్గుపడననీ చెక్కించాడు. పుట్టుకతో వచ్చిన సంపదనే గౌరవంగా ఎంచి, వృత్తితో వచ్చినదాన్ని దాచుకునే సమాజంలో, రాకుమారుణ్ణి భోజనానికి పిలవగల స్థాయికి చేరినవాడు తన అన్నం ఎక్కడినుంచి వచ్చిందో రాతి మీద రాయించుకోవడం చిన్న విషయం కాదు. హర్స్ట్‌వుడ్ రైతుబిడ్డ ఆయనలో చివరిదాకా బతికే ఉన్నాడనడానికి ఆ పలక మాటలకన్నా పెద్ద సాక్ష్యం అక్కర్లేదు. గుర్రం పోయిన పదహారు నెలలకు, 1795 ఫిబ్రవరిలో, ఆయనా కన్నుమూశాడు.

వేలంశాల కొడుకు ఎడ్మండ్ చేతికీ, తర్వాత మనుమడి చేతికీ వెళ్లి, 1766 నాటి 99 ఏళ్ల కౌలు తీరగానే 1865లో నైట్స్‌బ్రిడ్జికి, 1939లో న్యూమార్కెట్‌లోని పార్క్ పాడక్స్‌కు మారింది. తొలి ఆవరణలో గుర్రాలకు నీళ్లు తోడే పంపు మీద, ప్రిన్స్ ఆఫ్ వేల్స్ శిరోవిగ్రహం కింద కూర్చున్న నక్క బొమ్మ కూడా ప్రతి చోటికీ వెంట వెళ్లి, నేడు న్యూమార్కెట్‌లో ఉంది. గుర్రాలకు కప్పే కంబళ్ల మీది గళ్ల నమూనాకు ‘టాటర్సాల్ గళ్లు’ అన్న పేరు నిలిచి, చొక్కాల బట్టలకూ ఎక్కింది.

హైఫ్లయర్ తండ్రి వరుస మాత్రం కాలక్రమాన సన్నగిల్లి ఆగిపోయింది. నేటి పందెపు గుర్రాల్లో అత్యధిక భాగం మగ వరుసలో ఎక్లిప్స్‌కే చేరతాయి. అయినా సర్ పీటర్ టీజిల్ ద్వారానూ, లెక్కకు మించిన కూతుళ్ల ద్వారానూ హైఫ్లయర్ రక్తం ఆ జాతి అంతటా ఇంకిపోయింది. భారతదేశపు థొరోబ్రెడ్ గుర్రాలు, అంటే స్టడ్ బుక్కుకెక్కిన మేలుజాతి పందెపు గుర్రాలు, ఇంగ్లండులో మొదలైన వంశాలకు చెందినవే. అందువల్ల ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాన్ కాలంలో 1886లో మలక్‌పేటకు చేరిన హైదరాబాదు పందేల మైదానంలో నేడు పరుగెత్తే గుర్రపు వంశవృక్షాన్ని ఓపికగా వెనక్కి తిరగేస్తూ పోతే, ఎక్కడో చాలా వెనుక ఈలీ గడ్డి తిన్న హైఫ్లయర్ పేరు తగలవలసిందే.

ఈలీలో టాటర్సాల్ పేరు ఎవరి నోటా తరచుగా వినిపించదు. న్యూన్‌హామ్ వీధిలో ఒక పాత సత్రం బోర్డు మీదా, లిటిల్‌పోర్ట్ వైపు శివారులో నిలిచి ఉన్న ఆ ఇంటి మీదా ఉన్నది గుర్రం పేరే. న్యూ బార్న్స్ పేరు ఒక రోడ్డుకు మిగిలింది. దాని వెంట ఇళ్లు వచ్చాయి. ఆ ఇళ్ల పునాదులకూ తోటలకూ ఆధారమైన నేలలో చాలా భాగం ఒకప్పుడు ఎక్లిప్స్ కూతుళ్లు తమ వంతు కోసం మేస్తూ వేచి ఉన్న పచ్చికే.